గోడల మధ్య సాకర్: ఒక సీజన్ మీద వాదులాట

మామయ్యది సికింద్రాబాద్. 1980లలో ఉద్యోగం మీద డాలస్ వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మేనకోడలు కాలేజీ జట్టులో ఆడిన అమ్మాయి. ఇప్పుడు పక్కనే ఫ్రిస్కోలో పిల్లలకు సాకర్ నేర్పుతోంది. మేజర్ ఇండోర్ సాకర్ లీగ్ 1986-87 సీజన్ అంటే ఆయనకు ప్రాణం. ఆమె దృష్టిలో మాత్రం ఆ లీగ్ అమెరికా సాకర్ తప్పిపోయిన దారి. ఈ వాదన ఆ ఇంట్లో చాలాకాలంగా నడుస్తోంది. ఈసారి ఇద్దరూ మొదటినుంచి చివరిదాకా మాట్లాడుకున్నారు.

మేనకోడలు: మామయ్యా, మీరు మన డాలస్ జట్టు సైడ్‌కిక్స్ పేరు ఎత్తిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. ఐస్ హాకీ కోసం కట్టిన రింకు మీద పచ్చటి టర్ఫ్ పరిచారు. చుట్టూ నడుమెత్తు గోడ, దాని మీద అద్దాలు. బంతి గోడకు తగిలి వెనక్కొస్తే ఆట సాగుతూనే ఉంటుంది. త్రో-ఇన్ లేదు, ఆఫ్‌సైడ్ లేదు. జట్టుకు పదకొండు మంది ఉండాల్సిన చోట ఆరుగురు. తొంభై నిమిషాల ఆట పావుగంట చొప్పున నాలుగు ముక్కలైంది. ఇన్ని తీసేశాక మిగిలినదాన్ని సాకర్ అని ఎలా అంటారు?

మామయ్య: తీసేసినవే లెక్కపెడుతున్నావు, చేర్చినవి చెప్పడం లేదు. కొలతలు చూద్దాం. పెద్ద మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. ఇరవై ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరి వాటాకు దాదాపు 325 చదరపు మీటర్లు. హాకీ రింకు 61 మీటర్లు, 26 మీటర్లు. అందులో పన్నెండు మంది. ఒక్కొక్కరికి 132 చదరపు మీటర్లు. అంటే సగం చోటు కూడా లేదు. బంతి కాలికి వచ్చేసరికి ఎదుటివాడు మీదికి వచ్చేసి ఉంటాడు. ఎటు తిప్పాలో బంతి రాకముందే తేల్చుకోవాలి. ఆట నుంచి తీసేసింది తీరిక. నువ్వు పిల్లలకు రోజూ చెప్పేదీ అదే కదా, బంతి రాకముందే తల తిప్పి చూసుకోమని?

మేనకోడలు: చెప్తాను. కానీ తల తిప్పి దేన్ని చూడమంటాను? ముప్పై గజాల అవతల ఖాళీగా ఉన్న వింగర్‌ని. అవతలి పక్కకు ఆట మళ్ళిస్తే ఎదుటి జట్టు డిఫెన్స్ ఎక్కడ పగులుతుందో దాన్ని. తొంభై నిమిషాల మ్యాచ్‌లో ఒక్కో ఆటగాడి దగ్గర బంతి ఉండేది రెండు నిమిషాల చుట్టుపక్కలే. మిగతా సమయమంతా బంతి లేకుండా ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే ఆట. ఆ ఓర్పు మీ రింకులో ఎక్కడిది? నిమిషం, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి పరుగెత్తడం, గోడ దూకి బెంచీ మీద కూలబడడం, మళ్ళీ దిగడం. మ్యాచ్‌కు రెండు జట్లూ కలిపి ఎనిమిది, పది గోల్స్. గోల్ కోసం ఎదురుచూడడం తెలియని ప్రేక్షకుల కోసం కట్టిన ఆట అది.

మామయ్య: గోడ దూకడం అన్నావు కాబట్టి చెప్తాను విను. ఆట ఆగకుండానే మనుషుల్ని మార్చాలి. బంతి మన కాళ్ళ దగ్గర, అవతలి మూలన ఉన్న క్షణం చూసి ఇద్దరు బయటికి వస్తారు, ఇద్దరు లోపలికి దూకుతారు. ఆ లెక్క ఒక్క క్షణం తప్పితే ఎదుటివాడికి కీపర్ ఒక్కడే మిగులుతాడు. ఫౌల్ చేసి రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటే, మిగిలినవాళ్ళు ఒక మనిషి తక్కువతో కాచుకోవాలి. నువ్వు చెప్పిన ఓర్పు అక్కడ కనిపిస్తుంది. ఇక గోడ సంగతి. ఇక్కడి రీయూనియన్ అరేనాలో సైడ్‌కిక్స్ ఆటగాడు టాటూ ఆట చూశాను. డిఫెండర్ ఎదురుగా ఉన్నాడు, దారి లేదు. బంతిని గోడకు ఏటవాలుగా తట్టాడు, డిఫెండర్‌కు అవతలి పక్కనుంచి పరుగెత్తాడు. అది తిరిగొచ్చే చోటికి సరిగ్గా చేరుకుని, నేల తాకకముందే కొట్టాడు. గోడ అతనికి పాస్ ఇచ్చే ఇంకో ఆటగాడు. గోల్ కొట్టాక చొక్కా విప్పి జనంలోకి విసిరేసేవాడు, ప్రతిసారీ. అది చూసి పిల్లలు వెర్రెత్తిపోయేవాళ్ళు.

మేనకోడలు: చొక్కా విసరడంతోనే నా వాదన మొదలవుతుంది మామయ్యా. ఆ లీగ్ పుట్టుకే చూడండి. 1974 ఫిబ్రవరి 11న ఫిలడెల్ఫియా స్పెక్ట్రమ్‌లో సోవియట్ రెడ్ ఆర్మీ జట్టు వచ్చి ఫిలడెల్ఫియా ఆటమ్స్‌తో ఇండోర్ మ్యాచ్ ఆడింది. 6-3తో గెలిచింది. 11,790 మంది వచ్చారు. ఆ జనాన్ని చూసి ఎడ్ టెపర్‌కు ఆలోచన పుట్టింది. ఆయన, ఎర్ల్ ఫోర్‌మన్ కలిసి 1978లో ఆరు జట్లతో లీగ్ పెట్టారు. ఆ డిసెంబర్ 22న నాసో కొలీజియంలో మొదటి మ్యాచ్‌కు లాంఛనంగా తొలి బంతిని తన్నింది ఎవరు? బేస్‌బాల్ ఆటగాడు పీట్ రోజ్. సిన్సినాటి జట్టులో వాటాదారు కాబట్టి. ఏ ఊళ్ళో పిల్లలు ఏం ఆడుతున్నారో చూసి పెట్టిన లీగ్ కాదది. అరేనాలో ఖాళీగా పోయే రాత్రుళ్ళను ఎలా అమ్ముకోవాలో చూసి పెట్టింది. దీపాలార్పడం, పొగ, చెవులు పగిలే సంగీతం, ఒక్కో ఆటగాడి మీద స్పాట్‌లైట్. ఆట కన్నా ముందు అంగడి వచ్చింది.

మామయ్య: అంగడి లేకుండా జీతం ఎక్కడినుంచి వస్తుంది? మన హైదరాబాద్ సంగతే తీసుకో. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాబ్ భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణానికి తీసుకెళ్ళారు. ఆ వైభవం వెనక ఉన్నదేమిటి? పోలీసు శాఖ ఆటగాడికి ఉద్యోగం ఇచ్చింది. నెల తిరిగేసరికి ఇంటికి జీతం వెళ్ళింది. అందుకే పొద్దున మైదానంలో మనసుపెట్టి ఆడగలిగాడు. ప్రతిభ ఎంతున్నా, ఆటగాడి పొయ్యి వెలిగించే చేయి ఒకటి ఉండాలి. హైదరాబాద్‌లో ఆ చేయి సర్కారుది. 1986లో అమెరికాలో ఆ చేయి ఇండోర్ లీగ్‌ది.

మేనకోడలు: పోలిక సరిగ్గా కుదరలేదు. పోలీసు శాఖ సీజన్ మధ్యలో మూతపడదు. మీకు ప్రాణమైన ఆ 1986-87 సీజన్‌నే చూద్దాం. పన్నెండు జట్లతో మొదలైంది. అందులో ఒకటి న్యూయార్క్ ఎక్స్‌ప్రెస్. ఎంత ఆర్భాటంగా వచ్చింది! ఇరవై ఆరు మ్యాచ్‌లు ఆడి, మూడే గెలిచి, ఫిబ్రవరిలో మూతపడింది. సీజన్ సగం దారిలో. ఆ ఆటగాళ్ళ సంగతి ఏమైంది? అదే నాసో కొలీజియంలో అంతకుముందు న్యూయార్క్ ఆరోస్ జట్టు లీగ్ మొదటి నాలుగు టైటిళ్ళూ గెలిచింది. స్టీవ్ జుంగుల్ లాంటి మనిషి ఆడిన జట్టది. అంత గెలిచిన జట్టు కూడా 1984 తర్వాత లేదు. నాలుగు కప్పులు తెచ్చిన ఊళ్ళోనే రెండుసార్లు చచ్చిన ఆట వేళ్ళూనుకుందని ఎలా నమ్మమంటారు?

మామయ్య: ఎక్స్‌ప్రెస్ కథ బాధాకరమే. దాన్ని నేను తీసిపారేయను. ఆ జట్టులో ఆడిన ప్రతి మనిషికీ అన్యాయం జరిగింది. కానీ అదే సీజన్‌లో డాలస్‌లో ఏం జరిగిందో కూడా చూడు. 1984-85లో, మొదటి ఏడాది సైడ్‌కిక్స్ గెలిచింది 12, ఓడింది 36. 1986 వేసవిలో జట్టు మూతపడే అంచుదాకా వెళ్ళింది. అలాంటి జట్టును గోర్డన్ జాగో నిలబెట్టాడు. ఇంగ్లండ్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కు మేనేజర్‌గా చేసిన మనిషి. 52 మ్యాచ్‌ల సీజన్‌లో 28 గెలిచారు, 24 ఓడారు. గొప్ప లెక్కేమీ కాదు. అయినా ప్లేఆఫ్‌లలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఫైనల్‌కు చేరారు. ఎదుట టకోమా స్టార్స్. 35 గెలిచిన జట్టు. కోచ్ అలన్ హింటన్. ఆరోస్ నుంచి పోయిన ఆ జుంగుల్ ఇప్పుడు టకోమాకు ఆడుతున్నాడు. అతని పక్కన ప్రెకి అనే కుర్రాడు.

ఏడు మ్యాచ్‌ల ఫైనల్ ఏడో మ్యాచ్‌దాకా వెళ్ళింది. 1987 జూన్ 20, టకోమా డోమ్. 21,728 మంది. అంతా టకోమా వాళ్ళే. నిర్ణీత సమయం ముగిసేసరికి మూడు-మూడు. అదనపు సమయంలో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్ళదే కప్పు. మార్క్ కార్పున్ కొట్టాడు. 4-3. ఆ గోల్ పడ్డప్పుడు ఆ డోమ్‌లో ఉన్న ఇరవై వేల పైచిలుకు మందిని నువ్వు అంగడికి వచ్చిన కొనుగోలుదారులు అంటావా? 1983 నుంచి 1992 దాకా పది సీజన్లలో ఎనిమిది సార్లు శాన్ డియెగో సాకర్స్‌దే టైటిల్. వాళ్ళ చేతికి దక్కనివి రెండే. 1984లో బాల్టిమోర్, 1987లో డాలస్. ఆ రెండోది ఏడాది ముందు మూతపడబోయిన జట్టుది.

మేనకోడలు: ఆ మ్యాచ్ గొప్పదే. గొప్పది కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ ఒక్క రాత్రి ఎంత గొప్పగా ఉన్నా లీగ్ నిలబడదు. ఆ ఫైనల్ అయిన ఏడాదికి, 1988లో, క్లీవ్‌లాండ్, షికాగో, మిన్నెసోటా, సెయింట్ లూయిస్, నాలుగు జట్లు లీగ్‌లో లేవు. 1990లో లీగ్ పేరు మార్చుకున్నారు. 1992లో లీగే మూతపడింది. ఆ 21,728 మంది వచ్చిన ఊరి జట్టు కూడా దాంతోపాటే పోయింది. ఇక దేశం సంగతి చూడండి. 1990లో అమెరికా నలభై ఏళ్ళ తర్వాత ప్రపంచ కప్‌కు వెళ్ళింది. ఆ జట్టులో ఎక్కువమంది ఎవరు? కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాళ్ళు. చెకోస్లొవాకియా చేతిలో 5-1, ఇటలీ చేతిలో 1-0, ఆస్ట్రియా చేతిలో 2-1. మూడూ ఓటములే. ఇండోర్ లీగ్ ఆటను బతికించింది అంటారు కదా, బతికించి ఉంటే ఆ ప్రపంచ కప్‌కు వెళ్ళడానికి రాటుదేలిన ప్రొఫెషనల్స్ ఎందుకు దొరకలేదు?

మామయ్య: ఆ ఓటములకు ఇండోర్ లీగ్‌ను బోనెక్కించకు. పెద్ద మైదానంలో ఆడే నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ 1984 సీజన్‌తో ఆగిపోయింది. మేజర్ లీగ్ సాకర్ మొదలైంది 1996లో. మధ్యలో పదకొండేళ్ళు దేశం మొత్తానికి మొదటి స్థాయి అవుట్‌డోర్ లీగ్ లేదు. ఆ ఏళ్ళలో ఇరవై రెండేళ్ళ ఆటగాడికి ఈ దేశంలో జీతమిచ్చి, వేలమంది ముందు, గట్టి పోటీ మధ్య ఆడించింది ఎవరు? ఫెర్నాండో క్లావిహో ఉరుగ్వే నుంచి వచ్చాడు. శాన్ డియెగోలో గోడల మధ్య ఆడి పేరు తెచ్చుకున్నాడు. 1994లో అమెరికా జెర్సీతో ప్రపంచ కప్ ఆడాడు. తర్వాత మన ఎఫ్‌సీ డాలస్‌కే టెక్నికల్ డైరెక్టర్‌గా పనిచేశాడు. 2016లో ఆ క్లబ్ సపోర్టర్స్ షీల్డ్, యూఎస్ ఓపెన్ కప్ రెండూ గెలిచినప్పుడు జట్టును కూర్చింది అతనే.

ఇక ఆ ఫైనల్‌లో ఓడిన ప్రెకి. మేజర్ లీగ్ సాకర్‌లో 1997లో, మళ్ళీ 2003లో అత్యుత్తమ ఆటగాడు. రెండోసారి అతనికి నలభై ఏళ్ళు. 1998 ఫిబ్రవరిలో గోల్డ్ కప్ సెమీఫైనల్, లాస్ ఏంజెలెస్. అమెరికా మొదటిసారి బ్రెజిల్‌ను ఓడించింది, 1-0తో. కీపర్ కేసీ కెల్లర్ ఒక్కొక్కటీ ఆపుతుంటే, ఆ ఒక్క గోల్ కొట్టింది ప్రెకి ఎడమ కాలు. ఎదుటివాణ్ణి ఇటు వస్తున్నట్టు నమ్మించి అటు తిప్పి, కాస్త సందు దొరకగానే కొట్టడం అతని విద్య. ఆ సందు ఎంత చిన్నదైనా చాలునని అతనికి ఏళ్ళ తరబడి నేర్పింది ఏ ఆట?

మేనకోడలు: ప్రెకి బెల్‌గ్రేడ్‌లో పుట్టి రెడ్ స్టార్ క్లబ్బులో ఎదిగిన మనిషి. క్లావిహోకు ఆట ఉరుగ్వే ఇచ్చింది. ఈ దేశానికి వచ్చేనాటికే ఆట వాళ్ళ ఒంట్లో ఉంది. ఆ కాళ్ళను ఇండోర్ లీగ్ తయారు చేయలేదు.

మామయ్య: తయారు చేసిందని నేను అనడం లేదు. తుప్పు పట్టకుండా ఆపింది. ఇరవైలలో ఉన్న ప్రెకికి ఆ లీగ్ లేకపోతే? ఆడడానికి చోటు లేక ఏ హోటల్‌లోనో పనికి కుదిరితే, ముప్పై నాలుగేళ్ళకు అత్యుత్తమ ఆటగాడు అయ్యేవాడా? ఆటగాడి వయసు ఆగదమ్మా. ఫెడరేషన్లు తీరిగ్గా లీగ్ పెట్టేదాకా కాళ్ళు ఎదురుచూడవు. ఇంకోటి. ఆటగాళ్ళు మాత్రమే కాదు. కాన్సస్ సిటీ కామెట్స్‌లో టికెట్లు అమ్మించి, అరేనా నింపడం నేర్చుకున్న టిమ్ లైవికీ తర్వాత ఏఈజీ సంస్థకు అధిపతి అయ్యాడు. మేజర్ లీగ్ సాకర్ తొలి ఏళ్ళలో చాలా జట్లను మోసింది ఆ సంస్థే. పెద్ద మైదానపు లీగ్‌కు తర్వాత కావలసి వచ్చిన మనుషుల్లో చాలామంది ఈ గోడల మధ్యే పని నేర్చుకున్నారు.

మేనకోడలు: అది కాదనలేను. ఆ పదకొండేళ్ళూ నిజంగా శూన్యంగా పోయి ఉంటే, 1996 నాటికి ఆట తెలిసిన కోచ్‌లూ, దాన్ని నడపడం తెలిసిన మనుషులూ ఇంతమంది ఉండేవాళ్ళు కాదు. ఒప్పుకుంటున్నాను. కానీ నా అసలు అభ్యంతరం మీరింకా తాకలేదు. ఒక ఆట ఊరిదా, యజమానిదా? న్యూయార్క్‌లో యజమానుల డబ్బు అయిపోగానే ఆట అయిపోయింది. టకోమాలో ఇరవై వేలమంది ఉన్నా, లీగ్ పోగానే జట్టు పోయింది. అరేనా అద్దె, గోడలు, టర్ఫ్, దీపాలు, ఇన్ని ఉంటే తప్ప బతకని ఆట, వాటికి డబ్బు కట్టేవాడు లేచిపోయిన రోజున పోతుంది. మైదానంలో ఆడే ఆటకు రెండు రాళ్ళు గోల్ పోస్టులుగా పెట్టుకుంటే చాలు. సికింద్రాబాద్‌లో మీరు చిన్నప్పుడు ఆడింది ఎవరి అరేనాలో?

మామయ్య: రెండు రాళ్ళు చాలు అన్నావు. చాలు, మొదలుపెట్టడానికి. కానీ హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఏమైంది? రాళ్ళు అక్కడే ఉన్నాయి, పిల్లలూ ఉన్నారు. ఐదు రోవర్స్ కప్‌ల ఊరి నుంచి తర్వాత ఏళ్ళలో దేశానికి ఆడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతకు ఎందుకు పడిపోయారు? ఉద్యోగం ఇచ్చి ఆడించే చేయి బలహీనపడింది. నీ మాట సగం నిజం. యజమాని ఒక్కడి మీద ఆధారపడ్డ ఆట కూలుతుంది. కానీ యజమాని లేని చోట ఊరే ఆ బరువు మోయాలి. మోయకపోతే రెండు రాళ్ళ దగ్గర మొదలైన ఆట రెండు రాళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో మాట. లీగ్ పోయింది, గోడ పోలేదు. ఫ్రిస్కోలో, ప్లేనోలో, అమెరికాలో ఏ నగర శివారుకు వెళ్ళినా గోడలు కట్టిన ఇండోర్ సాకర్ కేంద్రాలు ఉన్నాయి. పిల్లలు, నడివయసు ఉద్యోగులు, ఆఫీసు అయ్యాక మన తెలుగు కుర్రాళ్ళూ వెళ్ళి ఆడతారు. నువ్వే చలికాలంలో మీ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తావు. యజమానులు వదిలేసిన ఆటను ఊరు పట్టుకుంది.

మేనకోడలు: తీసుకెళ్తాను. ఎందుకు తీసుకెళ్తానో కూడా చెప్తాను. ఎనిమిదేళ్ళ పిల్లకు పెద్ద మైదానంలో బంతి గంటకు ఎన్నోసార్లు దొరకదు. గోడల మధ్య క్షణక్షణానికీ కాలికి వస్తుంది. తప్పు చేస్తుంది, వెంటనే ఇంకో అవకాశం వస్తుంది. సిగ్గుపడే పిల్ల కూడా అక్కడ దాక్కోలేదు. ఆ మేలు నేను కళ్ళారా చూస్తున్నాను. కానీ పన్నెండేళ్ళు దాటిన పిల్లను అక్కడే ఉంచను. పెద్ద మైదానం వెడల్పు కళ్ళకు అలవాటు కాకపోతే, కాలికి ఎంత పనితనం ఉన్నా ఆట సగమే వస్తుంది. గోడలు బడిగా మంచివి. ఇల్లుగా కావు. మీ లీగ్ చేసిన పొరపాటు అదే. బడిని ఇల్లనుకుంది.

మామయ్య: ఆ పదకొండేళ్ళూ దానికి వేరే ఇల్లు లేదు తల్లీ. బడిలోనే పడుకుని, బడిలోనే తిని, చదువు ఆపకుండా నెట్టుకొచ్చారు వాళ్ళు. అందుకే ఆ సీజన్ అంటే నాకు గౌరవం. కప్పు డాలస్‌కు వచ్చిందని కాదు. ఆట ఉంటుందో ఊడుతుందో తెలియని ఏడాదిలో, జీతం వచ్చే నెలకు ఉంటుందన్న భరోసా లేకుండా, సీజన్ పొడుగునా తమ పనిని వంకపెట్టడానికి లేకుండా చేశారు. నీ పిల్లలకు ప్రెకి గోల్ చూపించేటప్పుడు, అంతకు పదకొండేళ్ళ ముందు టకోమాలో అతను ఓడిన మ్యాచ్ గురించి కూడా చెప్పు.

మేనకోడలు: చెప్తాను. వాళ్ళ పనిని గౌరవిస్తాను, ఆ లీగ్ కట్టుబడిని మాత్రం గౌరవించలేను. ఆటగాడి శ్రమ అంత నిజమైనప్పుడు, దాన్ని ఒకరిద్దరి జేబు మీద నిలబెట్టడం ఆ శ్రమకే అవమానం. మళ్ళీ ఎవరైనా లీగ్ పెడతామని వస్తే, ఇక్కడైనా హైదరాబాద్‌లోనైనా, నేను అడిగే మొదటి ప్రశ్న దీపాల గురించీ, తారల గురించీ కాదు. మీ డబ్బు అయిపోయిన మర్నాడు ఈ ఆటగాళ్ళ జీతానికీ, ఈ పిల్లల మైదానానికీ పూచీ ఎవరు?

మామయ్య: ఆ ప్రశ్న 1986లో న్యూయార్క్‌లో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడుగు. జవాబు వచ్చేదాకా వదలకు. నేనూ నీతో కలిసి అడుగుతాను.